రోజాతోటలకు కుంకుమ భరిణెతో వెళ్ళాను

ఈ రోజు కుంకుమ భరిణె పట్టుకుని బాగలూరు రోజాతోటలన్నీ తిరిగాను. పెళ్ళి పిలుపులకు కాదు, మా అమ్మాయి ఉద్యోగం కోసం.

అమ్మాయి బెంగళూరు కాలేజీలో తాత్కాలిక లెక్చరర్. పూలు కోసే ఆడవాళ్ళ పక్కన కూర్చుని, పురుగుమందుకు వాళ్ళ చేతులు ఎట్లా పాడవుతున్నాయో అడిగి పరిశోధన వ్యాసం రాసింది. అది మంచిదో కాదో వచ్చే వారం కాలేజీవాళ్ళు తేలుస్తారట. కాదంటే ఉద్యోగం పోతుంది. వేరేవాళ్ళు ఎంతమంది దాని పేరు ఎత్తారన్నదే కొలత అట. ఇంతవరకు ఒక్కరూ ఎత్తలేదని పాప అన్నం మానేసింది.

అందుకే ఆ ఆడవాళ్ళలో ఒక్కొక్కరికీ బొట్టు పెట్టి, పాప మంచిగా రాసిందని కాలేజీకి వచ్చి చెప్పమని అడిగాను. బొట్టు పెట్టించుకున్నాక ఎవరూ కాదనరు కదా.

"పెండ్లి పిలుపేమో అనుకుంటిమి పెద్దమ్మా. వస్తాములే, ఒకనాటి కూలి పోతే పోనీ" అన్నారు.

సంబరంగా ఇంటికొచ్చి చెప్పాను. పాప నవ్వలేదు.

"వాళ్ళు చెప్తే లెక్కకి రాదమ్మా. నా మాదిరి వ్యాసాలు రాసేవాళ్ళు వాళ్ళ వ్యాసాల్లో ఎత్తాల."

"నువ్వు రాసింది వాళ్ళ చేతుల గురించే కదా పాపా?"

"ఔను. అయినా వాళ్ళ మాట లెక్కలోకి రాదు."

బొట్టు పెట్టి పిలిచినవాళ్ళను రావద్దని ఏ ముఖంతో చెప్పాలో తెలియడం లేదు. ఇది చదివేవాళ్ళలో అట్లాంటి వ్యాసాలు రాసేవాళ్ళుంటే మీ ఇల్లు ఎక్కడో చెప్పండి. భరిణెలో ఇంకా కుంకుమ ఉంది.