అమ్మ కారు ఎందుకాగింది

పక్క ఊరు ధర్సీవాలో బడిపంతులమ్మగా పనిచేసే మా అమ్మ, యాభై దాటాక కారు నడపడం నేర్చుకుంది. డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో మా వరుస క్వార్టర్లలో స్టీరింగు పట్టిన మొదటి ఆడమనిషి ఆవిడే. అందుకే ఆ సెప్టెంబరులో మా పాత డీజిల్ కారు రెండుసార్లు దారి మధ్యలో కుదుపులిచ్చి ఆగిపోతే, తప్పు కారుదని ఎవరూ అనుకోలేదు.

"భాభీజీ, ధక్కా మారూఁ క్యా?" అని ఎదురింటాయన, వెనకనించి తొయ్యమంటారా అన్నట్టు, హిందీలో అడిగి నవ్వాడు. నాన్నయితే నవ్వను కూడా లేదు. ఆయన వ్యాగన్ల మరమ్మతు వర్క్‌షాపులో ఫిట్టరు.

"నీ కాలు క్లచ్చి మీంచి లెగదు. రేపట్నించి బస్సెక్కి ఎల్లు. కారు అమ్మీద్దాం."

అమ్మ తాళాలు ఫ్రిజ్ మీద పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను వెనకాలే వెళ్లి అడిగాను.

"ఆగినప్పుడు ఏ గేరులో ఉన్నావమ్మా?"

"నాలుగులో, తిన్నగా ఎల్తన్నాను. కాలు క్లచ్చి మీద లేదురా నాన్నా, ఒట్టు."

తిన్నగా పోతూ ఆగిందంటే ఇంజినుకి డీజిల్ అందడం లేదు. ముందు చూడాల్సింది ఫిల్టరు. కొత్తది కొనుక్కొచ్చి, ఆదివారం పొద్దున్నే బానెట్ ఎత్తాను.

అమ్మ పాత ఇడ్లీ రేకు ఇచ్చింది. విప్పిన వరుసలో ఒక్కో గుంటలో ఒక్కో భాగం పెట్టాను: బ్యాటరీ నట్టు, పైపుల క్లిప్పులు, బ్రాకెట్ బోల్టులు. పాత ఫిల్టరులోని డీజిల్‌ని ఆవకాయ సీసాలోకి వంపి అరుగు మీద పెట్టాను. కాసేపటికి పైన డీజిల్ తేరుకుంది. అడుగున రెండు వేళ్ల మందాన నీళ్లు.

ఫిల్టరులో చుక్కో రెండు చుక్కలో నీళ్లు చేరడం మామూలే. ఇన్ని ఎక్కడివి?

"ఈమధ్య డీజిల్ ఎక్కడ పోయించారు నాన్నా?"

"కారు బంకుకి తీసుకెల్లలేదు. విశ్వకర్మ పూజనాడు కేనుతో తెచ్చి నేనే పోసేను."

ఆ రోజు వర్క్‌షాపు వాళ్లు సుత్తి దగ్గర్నుంచి స్పానరు దాకా ప్రతి పనిముట్టూ కడిగి బొట్టు పెడతారు. నాన్న ఇంట్లో ఉన్న డీజిల్ కేనుని కూడా కడిగి బొట్టు పెట్టారు.

"కడిగీసి ఏటి చేసేరు?" అంది అమ్మ గుమ్మంలోంచి.

"మూత తీసి ఎండలో పెట్టేను."

"ఆవేళ ఎండెక్కడిదండీ? సాయంత్రం దాకా వానే!"

నాన్న సీసా ఎత్తి వెలుతురుకి పెట్టి చూశారు. కారు కిందకి దూరి, ట్యాంకు అడుగు బోల్టు విప్పి, అక్కడున్న నీళ్లు కూడా దింపేశారు.

కొత్త ఫిల్టరు రబ్బరు రింగుకి డీజిల్ రాసి బిగించాను. డీజిల్ ఎక్కించే చేతిపంపు గట్టిపడేదాకా నొక్కాను. అమ్మ తాళం తిప్పితే ఇంజిను అందుకుని, మళ్లీ చచ్చిపోయింది. అమ్మ ముఖం చిన్నబోయింది. గాలి ఉండిపోయిందన్నమాట. ఫిల్టరు పైనున్న స్క్రూ కాస్త వదులు చేసి, బుడగలు పోయి డీజిల్ ఒక్కటే వచ్చేదాకా మళ్లీ పంపు కొట్టాను.

"ఇప్పుడు తిప్పమ్మా."

ఇంజిను ఆగకుండా తిరిగింది. పైపులన్నీ వేలితో తడిమి చూశాను. ఎక్కడా చెమ్మ లేదు. ఇడ్లీ రేకులో ఒక్క క్లిప్పు కూడా మిగల్లేదు. ఏ పరీక్షలో వచ్చిన మార్కులకీ నేను అంత పొంగిపోలేదు.

సోమవారం పొద్దున అమ్మ బడికి బయల్దేరుతుంటే, రోజూ సైకిలు మీద పోయే నాన్న వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. నేను వెనకెక్కాను.

"నన్ను గేటు కాడ దింపీ."

వర్క్‌షాపు గేటు దగ్గర డ్యూటీకి వచ్చేవాళ్లంతా నిలబడి చూస్తున్నారు. నాన్న దిగి, తీరుబడిగా తలుపు వేసి, కిటికీలోకి వంగారు. మెల్లగా వెళ్లమని చెబుతారనుకున్నాను.

"సాయంత్రం కూడా ఒచ్చి తీసుకెల్లు," అన్నారు, పదిమందికీ వినపడేలా.

"పిల్లల కాపీలు దిద్దడం అయిపోతే ఒస్తాను," అని అమ్మ గేరు వేసింది.