రెండు కంప్యూటర్లు, ఆమె కళ్లు

భువనగిరిలో నేను పనిచేసిన ఫోటో స్టూడియోలో రెండు కంప్యూటర్లు ఉండేవి. ఏది మంచిదని అడిగితే నేను పాతదే అంటాను. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. రాసి చెబితేనే కదులుతుంది. తప్పు రాస్తే తప్పని మొహం మీదే చెబుతుంది. నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి, నాకు అలాంటిదే కుదిరింది. దాని మీద పెళ్లి కార్డులు కొట్టేవాణ్ణి. కొత్తదానిలో అన్నీ బొమ్మలు. మౌసు జరిపి నొక్కితే చాలు, ఏం చేయమన్నా చేస్తుంది. అడ్డం చెప్పని యంత్రాన్ని నేను నమ్మను.

మా వైపు, ఎప్పుడూ ఫోటో దిగని మనిషి పోతే, ఎత్తే ముందు కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి ఫోటో తీయిస్తారు. తరువాత మూసిన రెప్పల మీద పెయింటరు కుంచెతో కళ్లు గీస్తాడు. మా స్టూడియోకు ఒక్కడే పెయింటరు. మోత్కూరు దాకా ఏ ఇంటికి వెళ్లినా గోడల మీది ముసలివాళ్లు, పడుచువాళ్లు అందరూ అవే కళ్లతో చూసేవాళ్లు.

ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని నా భార్య బతికినన్నాళ్లు దిగలేదు. జ్వరంతో పోయింది. కుర్చీ ఫోటో ఒక్కటే మిగిలింది. పదేళ్ల నా బిడ్డ దాన్ని చూసి మొహం తిప్పుకునేది. అన్నం సరిగా తినేది కాదు.

"అమ్మ కండ్లు తెరిచిన ఫోటో కావాలె బాపూ" అనేది.

స్టూడియో యజమాని సాయిబు. నన్ను అన్నా అనేవాడు. ఆ ఫోటోను కొత్త కంప్యూటరులోకి ఎక్కించాడు.

"పెయింటరు కండ్లు వద్దు, అన్నా. బిడ్డను తోల్కరా. తల్లి కండ్లే గదా దానివి."

బిడ్డను కూర్చోబెట్టి ఫోటో తీశాడు. నేను కెమెరా పక్కన నిలబడి ఇటు చూడమన్నాను. నన్నే చూసింది.

ఆ కళ్లను కత్తిరించి తల్లి మొహం మీద పెట్టాడు. తెర మీంచి నా భార్య నన్నే చూసింది.

"జర పక్కకు పోయినయి" అని ఒక మీట నొక్కాడు. కళ్లు మూసుకున్నాయి. మళ్లీ పెట్టాడు, తెరుచుకున్నాయి. మళ్లీ మూశాడు. పోయే ముందు కూడా ఆమె అట్లాగే తెరుస్తూ మూస్తూ ఉంది.

"ఇగ ఆపు. మూసే ఉంచు" అన్నాను.

"వద్దు చాచా, తెరువు" అంది బిడ్డ. "బాపు భయపడుతుండు."

"నాకేం భయం?"

"మరి గోడ దిక్కు ఎందుకు చూస్తున్నవు?"

సాయిబు నా మాట కోసం ఆగాడు. తెరువమన్నాను.

ఆ పూట బిడ్డ కడుపునిండా తిని, ఫోటో కిందే పడుకుంది. నేను మంచం బయట వేసుకున్నాను. ఇప్పుడు బిడ్డకు కళ్లద్దాలు వచ్చాయి. గోడ మీద నా భార్య మాత్రం పదేళ్ల పిల్ల కళ్లతో చూస్తూనే ఉంది. అది మొగుణ్ణి చూసే చూపు కాదు. తండ్రిని చూసే చూపు.