రూతు తప్పు చెప్పినప్పుడల్లా

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. డైరీలో కూడా రాసుకోలేదు. పదో తరగతిలో స్పెల్లింగ్ పోటీ చివరి పదానికి, అక్షరాలన్నీ తెలిసుండీ కావాలనే ఒకటి తప్పు చెప్పాను. గెలిచినవాళ్ళు మైకు ముందు రెండు మాటలు మాట్లాడాలి. అందుకని.

1984లో విశాఖపట్నంలోని ఒక బడి లైబ్రరీలో అసిస్టెంటుగా ఉన్నాను. కొత్త పుస్తకాలకు నంబర్లు వేసి యాక్సెషన్ రిజిస్టర్‌లో ఎక్కించడం నా పని. పిల్లల్ని స్పెల్లింగ్ పోటీలకు తయారు చేసేటప్పుడు ప్రొనౌన్సర్‌ని కూడా నేనే. అంటే పదాన్ని స్పష్టంగా పలికి, అడిగితే అర్థం చెప్పే మనిషిని. జాబితా వెనక ముఖం దాచుకోవచ్చు కనుక ఆ పని నాకు నచ్చేది.

రూతు తొమ్మిదో తరగతి. వాళ్ళమ్మ మరియమ్మ తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి, వేలంలో చేపలు కొని అమ్మేది. ఇంటర్వెల్లో రూతు నా డిక్షనరీ ముందు కూర్చుని, బొటనవేలితో వేళ్ళ కణుపులు తడుముకుంటూ అక్షరాలు అప్పజెప్పేది. నా దగ్గర ఒక్కటీ తప్పేది కాదు. బడి పోటీల్లో మాత్రం ఆఖరి పదం దగ్గర ఓడిపోయేది. మూడోసారి గమనించాను. తప్పు అక్షరం చెప్పగానే హాయిగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి నాకు తెలుసు.

ఊళ్ళోని బడులన్నిటికీ కలిపి సీతమ్మధారలో పోటీ పెట్టారు. రూతు పేరు కొట్టేయబోతున్న హెడ్‌మిస్ట్రెస్‌ని, ఈ ఒక్కసారికి ఉంచమని అడిగాను. ఆవిడను నేను ఏదైనా అడగడం అదే మొదలు.

ఎందుకు తప్పు చెబుతున్నావంటే రూతు బల్ల అంచు గీరుతూ చెప్పింది.

"గెలిత్తే మాటాడమంటారు. నాను నోరిప్పితే నవ్వుతారు టీచర్."

"నువ్వు గెలువు. మాట్లాడటం నా వంతు," అనేశాను. ఆ వారమంతా మైకులో చెప్పాల్సిన రెండు వాక్యాలు కాగితం మీద రాసి కొట్టేస్తూనే ఉన్నాను.

పోటీ రోజు మరియమ్మ ఖాళీ గంప గుమ్మం బయట పెట్టి, వెనక వరసలో నా పక్కన కూర్చుంది.

"నాను కేకేత్తే హార్బరంతా తిరిగి సూత్తాదమ్మా. ఇది గొంతెక్కడ దాసుకుందో మరి," అని నవ్వింది.

చివరికి ఇద్దరు మిగిలారు. ఎదుటి పిల్ల తప్పింది. రూతు ఈ ఒక్క పదం చెబితే చాలు. బొటనవేలు కణుపుల మీద ఆగిపోయింది. తల తిప్పి నన్ను వెతుక్కుంది. చేతిలోని ఆ రెండు వాక్యాల కాగితం పైకెత్తి చూపించాను. వేలు మళ్ళీ కదిలింది. ఒక్కో అక్షరమే, తొందర లేకుండా, చివరిదాకా. మరియమ్మ కేక చప్పట్లకన్నా ముందే లేచింది.

రూతుకి గెలుపు కప్పు ఇచ్చి మైకు దగ్గరకు పిలిచారు. మాటిచ్చాను కనుక నేనూ వేదిక ఎక్కాను. హాలు నిండా ముఖాలు. కాగితంలో ఒక్క అక్షరం కనపడలేదు. ఇంతకాలం రూతుకి నేనే ధైర్యం నేర్పుతున్నాననుకున్నాను. ఆ కాగితాన్ని తను నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, మడిచి, బదులుగా తన కప్పు పెట్టింది.

"మీరు కూకోండి టీచర్. నాను సెప్తాను."