ఉప్పు మరకల చిట్కా

1994 ఏప్రిల్‌లో నన్ను ధారావాహికల డెస్కు నుంచి తప్పించి ఇంటి చిట్కాల పేజీ అప్పగించారు. మాది మద్రాసు టి. నగర్‌లో ఒక చీరల కొట్టు పైన, రెండో అంతస్తులో నడిచే తెలుగు వారపత్రిక. నా హోదా సబ్ఎడిటర్. వచ్చిన కాగితాన్ని చదివి, దిద్ది, పొడవు తగ్గించి, మూలన ఎర్రసిరాతో తన పేరు పొడి అక్షరాలు వేసి కంపోజింగుకు పంపడం సబ్ఎడిటర్ పని. ఆ పొడి అక్షరాలు లేని కాగితం కంప్యూటర్ గదిలోకి పోదు. అవి ఉన్న కాగితాన్ని ఆ తరవాత ఎవరూ ప్రశ్నించరు. ప్రూఫ్ రీడరు అక్షర దోషాలు చూస్తాడే తప్ప విషయం జోలికి పోడు.

ఆ పేజీ నాకు ఇష్టమై తీసుకున్నది కాదు. వారానికి ఒక గోనెసంచి నిండా ఉత్తరాలు వచ్చేవి. మా పాఠకులకు అభిప్రాయం లేని విషయం ఈ లోకంలో లేదు. మిక్సీలో రుబ్బిన పచ్చడి తింటే జ్ఞాపకశక్తి తగ్గుతుందని ఒకరు. కేబుల్ టీవీ వచ్చాక ఇంట్లో పిల్లలు అటు తెలుగూ ఇటు తమిళమూ కాక హిందీ మొదలుపెట్టారని మరొకరు. అమ్మాయికి టైపు నేర్పించాలా, కంప్యూటరా అని ఒక తండ్రి అడిగిన పాపానికి నెల రోజులు జవాబులు వచ్చిపడ్డాయి. రెండూ వద్దు, కుట్టుమిషను నేర్పించమని ఒకాయన నాలుగు పేజీలు రాశాడు. కుక్కరు మూడు విజిళ్ళకు దించాలా, నాలుగింటికా అనే విషయం మీద పెరంబూరు నుంచి ఒకామె, నెల్లూరు నుంచి ఒకామె మా పేజీలోనే ఒకరినొకరు ఎత్తిపొడుచుకున్నారు. ఇవన్నీ చదివి చదివి నాకు మనుషులంటేనే విసుగు పుట్టింది.

అందరిలోకీ నన్ను ఎక్కువగా వేధించినది తొండియార్‌పేట నుంచి రాసే ఆదిలక్ష్మి గారు. తెలుగు బడిలో సైన్సు టీచరుగా చేసి రిటైరయ్యారు. వారానికొక కవరు, పైన ఊదారంగు సిరాతో "అర్జెంటు" అని రెండు గీతలు. లోపల మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే: "పోయిన వారం మీరు వేసింది తప్పు." నిమ్మకాయ ఇత్తడిని తోముతుంది గానీ అల్యూమినియాన్ని పాడుచేస్తుంది, తప్పు. ఫ్రిజ్ తలుపు తెరిచిపెడితే గది చల్లబడదు, తప్పు. నేను ఆమెకు హెడ్మిస్ట్రెస్ అని పేరు పెట్టాను. కొన్నాళ్ళకు ఆ కవర్లను విప్పడం కూడా మానేసి, బల్ల కింది సొరుగులో పడేసేదాన్ని.

ఆ వేసవి నీళ్ళకు కటకట. కుళాయిలు ఎండిపోయి, ఊరంతా బోరు నీళ్ళ మీద బతుకుతోంది. ఆ ఉప్పునీళ్ళకు బాత్‌రూముల్లో తెల్లటి మరకలు కట్టేవి. వాటిని పోగొట్టేదెలా అని గుట్టలకొద్దీ ప్రశ్నలు. ఒక పాఠకుడు చిట్కా పంపాడు: యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడరు కలిపి చల్లి, కాసేపాగి రుద్దండి. మా ఆఫీసులో ఒక నియమం ఉండేది. మందులు, కరెంటు, గ్యాసు, ఈ మూడింటికీ సంబంధించిన చిట్కాను ఆ విషయం తెలిసినవాళ్ళ చేత చదివించి, వాళ్ళ సంతకం తీసుకోవాలి. శుభ్రం చేసే చిట్కాలు ఆ జాబితాలో లేవు. నేను రెండు విశేషణాలు కొట్టేసి, ఎర్రసిరాతో నా అక్షరాలు వేశాను. దానిమీద నేను పెట్టిన సమయం ఒక నిమిషం కూడా ఉండదు.

పత్రిక బజారులోకి వచ్చిన మూడో రోజున ఆదిలక్ష్మి గారి కవరు వచ్చింది. సొరుగులో వేశాను. మర్నాడు ఇంకొకటి. అదీ వేశాను. ఆ తరవాతి సోమవారం ఆమే వచ్చారు. రెండంతస్తులు ఎక్కి, గోడ పట్టుకుని ఆయాసపడుతూ నిలబడ్డారు. బక్కపలచటి మనిషి, భుజాన గుడ్డసంచి.

"చిట్కాల పేజీ చూసేది ఎవరమ్మా ఈడ?"

నేనేనన్నాను.

"నా జాబులు అందలేదా?"

అందాయి, పని ఒత్తిడి వల్ల చూడలేదన్నాను.

"చూడలేదా! యాసిడ్లో బ్లీచింగ్ పౌడరు కలిపితే ఏం పుడుతుందో తెలుసునా నీకు? క్లోరిన్. విషవాయువు. చిన్న బాత్‌రూమ్‌లో తలుపేసుకుని కడిగే మనిషికి ఊపిరి ఆడదు. ఎనిమిదో తరగతి పిల్లోళ్ళకి చెప్పే పాఠం ఇది. అయ్యో, ఎంత మంది చదువుతారమ్మా మీ పుస్తకం!"

సొరుగు తెరిచాను. విప్పని ఆమె కవర్లు ఎన్ని ఉన్నాయో ఇద్దరం చూశాం. "ఈ వారం వచ్చినవన్నీ తియ్యి, చూద్దాం" అన్నారామె. ఇద్దరం నేలమీద కూర్చుని సంచి బోర్లించి, ఒక్కొక్క ఉత్తరమే విప్పడం మొదలుపెట్టాం. సీరియల్లో అత్తగారి మీద కోపాలు, దోసె పెనానికి అంటుకుంటోందని ఫిర్యాదులు. చాలాసేపటికి ఆదిలక్ష్మి గారు ఒక పోస్టుకార్డు నా చేతికిచ్చారు. వ్యాసర్పాడి నుంచి ఒక రైల్వే యార్డు కార్మికుడు రాసినది. "మీ పుస్తకంలో చెప్పినట్టు చేసి నా భార్య బాత్‌రూమ్‌లో పడిపోయింది. పక్కింటివాళ్ళు తలుపు విరగ్గొట్టి తీశారు. ఆస్పత్రిలో మూడు రోజులు ఉంచారు. ఇకమీదట చూసి వేయండి." అంతే. తిట్టు ఒక్కటి కూడా లేదు.

ఆ సాయంత్రమే ఇద్దరం వ్యాసర్పాడి వెళ్ళాం. ఆమె పేరు రవణమ్మ. గోడకు ఆనుకుని కూర్చుంది. రెండు మాటలకొకసారి దగ్గు. నేను ఎవరినో చెప్పి, తప్పు నాదేనన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, "అచ్చేసినారంటే నిజమేనని అనుకుంటిమి గదమ్మా" అంది. తరవాత ట్రంకుపెట్టె మీదున్న లావుపాటి నోటుపుస్తకం తెప్పించి నా ముందు పెట్టింది. మా పేజీలోని చిట్కాలన్నీ వారం వారం కత్తిరించి, అన్నం మెతుకులతో అంటించి ఉన్నాయి. పేజీలు తిప్పి, గ్యాసు ట్యూబుకు సంబంధించిన ఒకదాని మీద వేలు పెట్టింది.

"ఇది చేస్తానే ఉండా. దీంట్లో ఏం భయం లేదు గదా?"

అది నాకంటే ముందున్న వాళ్ళు వేసినది. ఎవరి సంతకం తీసుకున్నారో, అసలు తీసుకున్నారో లేదో నాకు తెలియదు. ఆదిలక్ష్మి గారు నోటుపుస్తకం తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, చదవడం మొదలుపెట్టారు. చెయ్యకూడని వాటికి పెన్సిలుతో ఇంటూ పెట్టారు. గ్యాసు ట్యూబు చిట్కాకూ పెట్టారు.

మర్నాడు ఎడిటర్ గారి గదిలో ఇంకో రకం యుద్ధం. వారపత్రికలో లోపలి పేజీలు ముందుగానే అచ్చవుతాయి. ఆ వారానివీ, పై వారానివీ అప్పటికే అచ్చయి కూర్చున్నాయి. సవరణ వేయాలంటే మూడో వారం దాకా ఆగాలి. ఈలోగా ఎంతమంది బాత్‌రూములు కడుగుతారో అన్నాను. దానికి ఒకటే దారి ఉంది. విడిగా చీటీ అచ్చేసి, బైండింగులో ప్రతి కాపీలోనూ చేత్తో పెట్టించాలి. ఎడిటర్ గారు చీటీకి ఒప్పుకున్నారు గానీ, మాటల దగ్గర పట్టుబట్టారు. "పాఠకులు జాగ్రత్త వహించగలరు" అని ఉంటే చాలునట. "తప్పు" అనే మాట పత్రిక పరువుకు మంచిది కాదట. పరువు గురించి ఆయన చెబుతున్నంతసేపూ నాకు రవణమ్మ దగ్గే వినిపిస్తోంది. జాగ్రత్త అని రాస్తే జాగ్రత్తగా కలుపుతారండీ అన్నాను. గంటసేపు అటూ ఇటూ అయ్యాక, తప్పు నా పేరుమీద ఉంటే అభ్యంతరం లేదని తేల్చారు. "ఈ చిట్కా తప్పు. ఈ రెండూ ఎన్నడూ కలపవద్దు. పరిశీలించకుండా ప్రచురించినది నేను" అని రాసి, కింద నా పూర్తి పేరు పెట్టాను. మెమో కూడా ఇచ్చారు. అది న్యాయమే.

చీటీ వెళ్ళిన వారం ఇంకో రెండు ఉత్తరాలు వచ్చాయి. కలిపి, వాసనకు భయపడి బయటికి పరిగెత్తామని ఒకరు. సరుకులు కొనిపెట్టుకుని, చీటీ చూసి ఆగిపోయామని ఒకరు. రవణమ్మ దగ్గు వానాకాలం దాకా పోలేదు. తరవాత తగ్గిందని ఆమె భర్త ఇంకో కార్డు రాశాడు.

ఆ పేజీ నేను మరో ఆరేళ్ళు చూశాను. ప్రతి చిట్కా కంపోజింగుకు వెళ్ళేముందు తొండియార్‌పేట వెళ్ళొచ్చేది. ఆదిలక్ష్మి గారు సగానికి పైగా కొట్టేసి పంపేవారు. పేజీ నిండేది కాదు. నేను ఫోన్ చేసి బతిమాలితే, "ఖాళీగా వదిలెయ్, ఎవరూ చావరు" అనేవారు. ఆమె మీద విసుగు నాకు చివరిదాకా పోలేదు. అది పోవలసిన అవసరం లేదని మాత్రం తెలుసుకున్నాను. విసుగు పుట్టించే ఉత్తరాన్ని కూడా విప్పి చదవడమే నా ఉద్యోగం.

పేజీని కూడా రెండు ముక్కలు చేశాను. సీరియల్లో అత్తగారు, కేబుల్ టీవీ, టైపా కంప్యూటరా, ఇవన్నీ అభిప్రాయాలు. తప్పయినా ఎవరి ఊపిరీ ఆగదు, రాసినవాళ్ళ పేరుతో వేస్తే సరిపోతుంది. రెండో ముక్కలోవి చిట్కాలు. వాటిని పాఠకులు చదివి ఊరుకోరు, లేచి వెళ్ళి చేస్తారు. వాటిలో మా ఇంట్లో నేను చేసి చూడనిది ఒక్కటి కూడా ఆ తరవాత అచ్చుకు ఇవ్వలేదు.