ఇద్దరం ఉన్న ఒక్క ఫోటో

సరిహద్దు పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. మోకాలి దాకా మంచు. బంకర్‌ నిండా కిరోసిన్ పొగ. రేడియో ఆపరేటర్ తల తిప్పకుండానే హిందీలో ఏ ఊరని అడిగాడు. హైదరాబాద్, నారాయణగూడ అన్నాను. హెడ్‌ఫోన్ తీసేశాడు.

"నాది చిక్కడపల్లి! గన్నేండ్లు పక్కపక్కన ఉండి, గీడ కలిసినం సూడు."

ఆ పూట నుంచే వాడు నావాడైపోయాడు.

పోస్టులో ఫోన్లు ఉండకూడదు. ఉన్నది ఒకే కెమెరా, అది వాడి దగ్గర. ఇంటికి పంపే ఫోటోల కోసం మాకో పద్ధతి ఉండేది. మాసిపోని జాకెట్ ఒకటి దాచిపెట్టి, అందరం వంతులవారీగా అదే తొడుక్కునేవాళ్లం. మా అందరి ఇళ్లలోనూ గోడ మీద ఆ జాకెట్టే. తీసే ముందు వాడు మా మీసాల మీది మంచు తుడిచేవాడు, కాలర్ సర్దేవాడు.

"జర నవ్వు రా. అమ్మ పరేషాన్ అయితది."

తనను మాత్రం తీయనిచ్చేవాడు కాదు. "కిందికి పోయినంక మన నారాయణగూడ స్టూడియోల దిగుదాం. ఇద్దరం."

ఒకరోజు నా వంతు వచ్చింది. పై గుండీ పడలేదు. వాడు కెమెరాను వంటవాడికిచ్చి, గ్లవ్స్ తీసేసి, ఆ చలిలో ఉత్త వేళ్లతో గుండీ పెట్టసాగాడు. వంటవాడు తొందరపడి నొక్కేశాడు.

"ఖరాబ్ చేసినవ్. మల్ల తీద్దాం," అన్నాడు వాడు. ఈలోగా రేడియో పిలిచింది.

మర్నాడు గస్తీకి వెళ్లాడు. రేడియో సెట్‌లో వాడి మాట వినిపించింది: "చాయ్ పెట్టుండ్రి. వస్తున్నం." ఆ తర్వాత మంచు చరియ విరిగిపడింది. వాడు రాలేదు.

సర్వీసు ముగిశాక అశోక్ నగర్‌లో గది కిరాయికి తీసుకున్నాను. చిక్కడపల్లిలో వాళ్లింటికి వెళ్లాను. దండ వెనక ఉన్నది సైన్యంలో భర్తీ అయిన నాటి ఫోటో. అందులో బిగుసుకుపోయిన ఆ కుర్రాడు నాకు తెలిసినవాడు కాదు. నాకు మావాడు కావాలి. వెతికి వెతికి, వంటవాడు చెడగొట్టిన ఆ ఫోటోనే యూనిట్ నుంచి తెప్పించుకుని నారాయణగూడ స్టూడియోకు తీసుకెళ్లాను. నా మొహం, వాడి తల వెనకభాగం, నా కాలర్ దగ్గర వాడి చేతులు.

"ఈయన అడ్డమొచ్చిండన్నా. కట్ చేయాల్నా?" అన్నాడు స్టూడియో అతను.

"చేస్తే నన్ను చెయ్యి."

వాడి మొహం మెల్లమెల్లగా మరిచిపోతున్నాను. అదే నా భయం. చేతులను మాత్రం మరిచిపోలేదు. చలికాలం పొద్దున చొక్కా పై గుండీ పెట్టుకోబోతే, ఎర్రగా కందిన ఆ వేళ్లు కనిపిస్తాయి. నా చేతులు దించేసి కాసేపు అలాగే నిలబడతాను.