శాఖాధ్యక్షుల ద్వారా

మసూదా ఆపా రోజూ ఉదయం టైపు మిషను మీది గుడ్డ తీసి మడతపెట్టి, గుండుసూదితో అక్షరాల పొట్టలు శుభ్రం చేసేది. తెలుగు అక్షరాలకు గుండ్రాలు ఎక్కువ. రిబ్బను మసి వాటిలో చేరి గట్టిపడితే కాగితం మీద అక్షరం బదులు నల్లటి మచ్చ పడుతుంది. ఒక్కో అక్షరాన్నీ లేపి, మసి గీకి, మెల్లగా ఊది, మళ్లీ పడుకోబెట్టేది. దానికి పావుగంట పట్టేది. ఆ పావుగంటలో ఎవరు పిలిచినా పలికేది కాదు.

అమీర్‌పేట నుంచి పంజగుట్ట వైపు వెళ్లే రోడ్డు మీద, చెప్పుల దుకాణం పై అంతస్తులో ఉండేది ఆ టైపు ఇన్‌స్టిట్యూట్. యజమాని మార్కండేయులు. ఇంగ్లీషు మిషన్లు పన్నెండు, తెలుగు మిషను ఒక్కటే. ఆ ఒక్కటీ ఆపాది. నేను ఎం.ఏ. తెలుగులో చేరి మధురానగర్ హాస్టల్లో ఉంటూ, టైపు నేర్చుకోవడానికి పొద్దున్నే అక్కడికి వెళ్లేదాన్ని. ఆమె పక్క మిషను నాది. ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. నాకు మాట్లాడటం చేతకాదు, ఆమెకు పని తెమలదు.

ఆమె తండ్రి గులాం మొహియుద్దీన్ జనగామ దగ్గర ఒక ఊళ్లో పోస్టుమాను. ఆ ఊళ్లో ఆడపిల్లలకు ఉన్నది తెలుగు బడి ఒక్కటే. "మా అబ్బాకు ఉర్దూ సదివిన అల్లుడు దొరికిండు గాని ఉర్దూ సదివిన బిడ్డ దొరకలే," అని నవ్వేది. ఆ అల్లుడు హాషం పంజగుట్టలో గడియారాలు బాగుచేసేవాడు. కాపురం యూసుఫ్‌గూడలో, రెండు గదుల ఇంట్లో.

యూనివర్సిటీలో తెలుగులో థీసిస్ రాసేవాళ్లు చాలామంది ఆపా దగ్గరికే వచ్చేవారు. థీసిస్‌లే కాదు, స్కాలర్‌షిప్ ఆగినా, హాస్టల్ గది కావాలన్నా, గడువు పొడిగించమన్నా ఆ అర్జీలు కూడా ఆమే కొట్టేది. రీసెర్చి విద్యార్థి పెట్టే ఏ కాగితమైనా శాఖాధ్యక్షుడి సంతకంతోనే పైకి పోవాలి. అందుకని పై అధికారి పేరు కింద 'శాఖాధ్యక్షుల ద్వారా' అని ఒక లైను ఉండాలి. కొత్తగా వచ్చిన పిల్లలకు ఆ సంగతి తెలియదు. ఆపా వేళ్లకు తెలుసు. పద్నాలుగేళ్లలో ఆమె కొట్టిన అర్జీ ఒక్కటి కూడా పద్ధతి బాగాలేదని వాపసు రాలేదని మార్కండేయులు అందరికీ చెప్పేవాడు. ఆ మాట వినపడగానే ఆపా తల మరికాస్త వంచి ఇంకొంచెం వేగంగా కొట్టేది.

రాజమణిని తీసుకొచ్చింది కూడా మార్కండేయులే. సిరిసిల్ల పిల్ల, ఆయనకు దూరపు చుట్టం. తండ్రి ఆనందం మగ్గం నేస్తాడు. "మా పద్మశాలోళ్లల్ల డాక్టరు అయ్యే మొదటి ఆడపిల్ల. సూది డాక్టరు కాదు, సదువు డాక్టరు," అని వచ్చినవాళ్లందరికీ పరిచయం చేసేవాడు. మగ్గం దగ్గర ఆడవాళ్లు పాడుకునే పాటల మీద ఆమె పరిశోధన. మొదటి అధ్యాయం కొడుతున్నప్పుడు ఆపా ఒక పాట దగ్గర ఆగి, "గిది మా ఊర్ల సుత పాడుతరు, జర వేరే తీరుగ," అంది. రాజమణి వెంటనే నోటుబుక్కు తీసి రాసుకుంది. అప్పటి నుంచి ఇద్దరికీ స్నేహం.

రాజమణి గైడే మా శాఖాధ్యక్షుడు. ఆయన గదికి ఒంటరిగా పోవద్దని మా సీనియర్లు మేము చేరిన మొదటి వారమే చెప్పారు. వాళ్లకు వాళ్ల సీనియర్లు చెప్పారట. ఎందుకని అడిగితే, "పోవద్దంతే," అన్నారు. అసైన్‌మెంటు ఇవ్వాలన్నా ఇద్దరిద్దరం వెళ్లేవాళ్లం. కాని రీసెర్చి అమ్మాయికి తోడు ఎవరు వస్తారు? థీసిస్ ఒక్కరిదే కదా. "మీరు రేపు పెళ్లి చేసుకుని పోతారు, మీకు సీటివ్వడం ఒక మగపిల్లాడి నోరు కొట్టడమే. ఇచ్చినందుకు కాస్త కృతజ్ఞత ఉండాలి," అని ఆయన క్లాసులోనే అనేవాడు. మేం తల దించుకుని రాసుకునేవాళ్లం.

ఎనభై ఆరు ఆగస్టులో ఒకరోజు మధ్యాహ్నం రాజమణి వచ్చి ఆపా పక్కన కూర్చుంది. వైస్ చాన్సలర్‌కు అర్జీ కొట్టాలంది. చేతిలోని కాగితం మీద నాలుగు వాక్యాలే ఉన్నాయి. చివరిది 'సారు ప్రవర్తన బాగా లేదు.'

ఆపా చదివి కాగితం పక్కన పెట్టింది.

"గిట్ల రాస్తే వాళ్లకు ఏం సమజయితది? కోపం చేసిండు అనుకుంటరు. ఏం చేసిండో రాయాలె."

"అది నా చేత్తోని రాయలేను ఆపా."

"రాయకు. చెప్పు, నేను కొడత. నా దిక్కు చూడకు. కుర్చీ అటు తిప్పుకో."

రాజమణి కుర్చీ తిప్పుకుని గోడ వైపు కూర్చుంది. ఆమె చెప్తూ ఉంటే ఆపా కొట్టింది. నా మిషను ఆపితే అంతా వినపడుతుందని నేను ఆపకుండా ఏదో కొడుతూనే ఉన్నాను. అయినా కొన్ని మాటలు వినపడ్డాయి. తలుపు గడియ. ఆదివారం. సంతకం కావాలంటే. రెండుసార్లు ఆపా వేళ్లు ఆగిపోయాయి. రెండుసార్లూ ఆమె "ఊఁ, తర్వాత?" అని మాత్రమే అంది.

పేజీన్నర వచ్చింది. రాజమణి సంతకం పెట్టి, అర్జీ తీసుకుని, కార్బన్ కాపీ ఆపా దగ్గరే ఉంచమంది. హాస్టల్లో దాచుకునే చోటు లేదు. మెట్లు దిగబోతూ నా దగ్గర ఆగింది.

"నువ్వు సుత ఆ డిపార్ట్‌మెంటే కదా చెల్లే. రేపు ఎవరన్న అడిగితే, ఆయన దగ్గరికి ఒంటిగ ఎవరం పోమని చెప్తవా?"

"పరీక్షలు అయ్యాక చెప్తానండి," అన్నాను.

ఆమె తల ఊపి వెళ్లిపోయింది. ఆ పరీక్షల్లో నాకు ఫస్టు క్లాసు వచ్చింది.

ఎనిమిది రోజులకు రాజమణి మళ్లీ వచ్చింది. కూర్చోలేదు.

"కాగితం సారు దగ్గరికి వచ్చింది ఆపా. ఇద్దరు లెక్చరర్లను కూసోబెట్టుకుని నాకే చదివి వినిపించిండు. రెండు చోట్ల ఎర్ర సిరాతో దిద్దిండు. వాక్య నిర్మాణం మెరుగయ్యింది, థీసిస్ కూడా గిట్లనే రాయి అన్నడు."

"ఆయన దగ్గరికి ఎట్ల పోయింది? నువ్వు వీసీ ఆఫీసుల ఇయ్యలే?"

"ఆడనే ఇచ్చిన. శాఖాధ్యక్షుల ద్వారా అని ఉన్నది, ఆయన సంతకం లేదు అని కిందికి పంపిండ్రట."

ఆపా డ్రాయరు తెరిచి కార్బన్ కాపీ తీసింది. వైస్ చాన్సలర్ గారికి అన్నదాని కింద ఆ లైను ఉంది. తిన్నగా, పేజీకి సరిగ్గా మధ్యలో, కింద గీతతో సహా. రాజమణి చెప్పింది కాదు అది. ఆపా కొట్టినట్టు ఆపాకే గుర్తు లేదు. కాగితం ఎక్కించగానే వేళ్లు వాటంతటవే కొట్టేశాయి. ఏ మనిషి మీద ఆ అర్జీయో ఆ మనిషి చేతికే దాన్ని పంపమని రాసి ఇచ్చింది తనే.

"నీ తప్పు ఏమున్నది ఆపా," అంది రాజమణి. "నేను సుత చూడలే. చూసినా, గట్లనే ఉంటది కావచ్చు అనుకుందును."

రాజమణి వెళ్లాక ఆపా ఆ లైను తీసేసి అర్జీ మొత్తం మళ్లీ కొట్టింది. సాయంత్రం హాస్టలుకు వెళ్లి సంతకం పెట్టించుకుంది. మర్నాడు సెలవు పెట్టి, వీసీ ఆఫీసుకు దారి చూపమని నన్ను అడిగింది. నేను ఆమెతో బస్సెక్కాను. ఆఫీసు గుమ్మం దాకా వెళ్లి బయటే నిలబడ్డాను.

లోపల గుమాస్తా కళ్లజోడు సవరించుకుని, "ఏంటమ్మా, మీరెవరు?" అన్నాడు.

"టైపిస్టును సార్."

"టైపిస్టుకి దీంతో ఏంటి సంబంధం?"

"తప్పు నాది సార్. ద్వారా అని ఆ లైను నేను కొట్టిన, పిల్ల చెప్పలే. గా కాగితం పక్కకు పెట్టి దీన్ని తీసుకోండ్రి."

ఆయన రిజిస్టరు తిప్పి, ఆ అర్జీ గుర్తు తెచ్చుకున్నాడు. "లైన్ కరెక్టుగానే ఉందిగా. రూల్ ప్రకారమే కొట్టారు. ఈ మధ్య వచ్చిన వాటిలో ఇంత నీటుగా ఉన్న అర్జీ లేదు."

"సార్, ఆ అర్జీ ఆయన మీదనే. ఆయన నుంచే ఎట్ల వస్తది?"

"అది నాకు తెలీదమ్మా. నేను పైభాగం చూస్తాను, సంతకం చూస్తాను. ఒక ఫైలు నడుస్తుంటే అదే విషయం మీద ఇంకో కాగితం తీసుకోం. శాఖ నుంచి రిమార్కులు రానివ్వండి."

"లోపల ఏమున్నదో ఎవరు చూస్తరు సార్?"

"రిమార్కులు వచ్చాక చూస్తారు."

బస్సులో ఆపా నా పక్కన కూర్చుని ఆ రెండో అర్జీని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది. పంజగుట్టలో దిగేటప్పుడు, "నీటుగ ఉన్నదట," అంది.

రిమార్కులు వచ్చాయి. విద్యార్థినికి పరిశోధనలో శ్రద్ధ తక్కువ, మందలించినందుకు కక్ష కట్టింది అని. ముగ్గురు ప్రొఫెసర్లు కూర్చుని రాజమణిని విచారించారు. ముగ్గురూ మగవాళ్లే. ఆదివారం ఎందుకు వెళ్లావు, మొదటిసారే ఎందుకు చెప్పలేదు, సాక్షి ఎవరు అని అడిగారు. సాక్షి ఎవరూ లేరు. నాతోపాటు మా క్లాసులో అమ్మాయిలం పదకొండుమందిమి. ఆ పూట అందరం లైబ్రరీలో ఉన్నాం. చివరికి అర్జీ వాపసు తీసుకుని, పొరపాటు పడ్డానని రాసిస్తే చదువు కొనసాగించవచ్చని చెప్పి, తండ్రికి ఉత్తరం వేశారు.

ఆనందం సిరిసిల్ల నుంచి వచ్చి నేరుగా ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కాడు. చేతిలో ఉత్తరం ఉంది. దాన్ని చదవగలిగింది సగమే.

"మార్కండేయులన్నా, ఏం తప్పు చేసింది నా బిడ్డ?"

మార్కండేయులు కుర్చీ చూపించాడు. "తప్పేం లేదే. పెద్దోళ్లతోని లొల్లి వచ్చింది. పొరపాటయింది అని ఒక ముక్క రాసిస్తే అయిపోతది. మూడేండ్ల కష్టం."

ఆపా లేచి నిలబడింది. "అన్నా, నేను పోయి చెప్త. ఆ పిల్ల చెప్పంగ కొట్టింది నేను. అబద్ధం చెప్పేటోళ్లు అట్ల చెప్పరు."

"ఆపా, జర ఆలోచించు. వాళ్ల పిల్లల థీసిస్‌ల మీదనే గీ తెలుగు మిషను నడిచేది. ఆయన ఒక్క మాటంటే రేపటి నుంచి ఒక్కరు రారు."

"రాకపోనీ."

"పోయినా, నిన్ను లోపలికి రానియ్యరు ఆపా," అంది రాజమణి. ఆమె అప్పటిదాకా గుమ్మం దగ్గరే నిలబడి ఉంది.

ఆనందం కూతురి వైపు చూశాడు. "బిడ్డా, రాసిస్తే సదువు ఉంటదట కదా."

"ఉంటది బాపూ. మళ్లా ఆయన గదికే పోవాలె. పొరపాటు నాదే అని రాసిచ్చినంక పోవాలె."

ముసలాయన ఉత్తరం మడతపెట్టి అంగీ జేబులో పెట్టుకున్నాడు. కింద దుకాణంలో ఎవరో చెప్పుల సైజు గురించి బేరమాడుతున్నారు.

"వద్దు తియ్యి," అన్నాడు చివరికి. "మగ్గం ఎటూ పోలే."

అప్పుడు ఏడ్చింది రాజమణి. తర్వాత ముఖం తుడుచుకుని ఆపా పక్కన కూర్చుంది.

"పొరపాటు అని రాయను ఆపా. పరిశోధన మానుకుంటున్న అని కొట్టు. అది నిజమే గదా."

ఆపా కాగితం ఎక్కించింది. ఒకసారి కొట్టి, చించి, ఇంకోటి ఎక్కించింది. మూడు లైన్ల అర్జీకి ఆమెకు అరగంట పట్టింది. శాఖాధ్యక్షుడు దాని మీద ఆ రోజే సంతకం పెట్టాడు. రాజమణి పెట్టిన అర్జీలన్నిటిలోనూ తొందరగా పైకి వెళ్లింది అదొక్కటే.

ఆ తర్వాత ఆపా అర్జీలు కొట్టడం తగ్గించింది. ఎవరైనా తెస్తే ముందు ఇది ఎవరి మీద అని అడిగేది. వాళ్లు తెల్లబోయేవారు. కాగితం తీసి ఇచ్చే ముందు పైభాగం మూడుసార్లు చదివేది. అంత ఆలస్యమైతే ఎవరు ఆగుతారు. మార్కండేయులు ఆమెను ఏమీ అనలేదు. ఒకసారి నాతో మాత్రం, "చెయ్యి చెడిపోయింది పాపం," అన్నాడు.

నేను ఒకరోజు ధైర్యం చేసి, తప్పు మీది కాదు ఆపా అన్నాను. తప్పు చేసినవాళ్లు వేరే ఉన్నారు, నోరు మూసుకున్నవాళ్లు కూడా ఉన్నారు అని చెప్పబోయాను. అంతదాకా రాలేకపోయాను.

"నాది కాదు అని నాకు ఎరుకే," అంది ఆమె. "చేతులకు ఎట్ల చెప్పాలె?"

రాజమణి సిరిసిల్లలోనే ఉందని, బీడీ కార్ఖానాలో లెక్కలు రాస్తోందని మార్కండేయులు చెప్పాడు. మా శాఖాధ్యక్షుడికి కిందటేడాది పెద్ద సన్మానం జరిగింది. ఎం.ఫిల్.లో నాకు మరో గైడు దొరికాడు.

మసూదా ఆపా ఇప్పుడు ఎర్రగడ్డలో ఒక మందుల గోదాములో ఇంగ్లీషు టైపిస్టు. తొమ్మిదింటికి వెళ్లి ఆరింటికి ఇంటికి వస్తుంది. డబ్బాల మీద అంటించే చీటీలు కొడుతుంది.