జున్ను తిన్నందుకు పద్నాలుగు సూదులు

పందొమ్మిది వందల ముప్పైల మొదట్లో, అరవదేశంలో మేముండే కోవిల్‌పట్టిలో మా ఆవు ఈనింది. అమ్మ జున్ను వండి, ఆనవాయితీ ప్రకారం వీధిలో ఇంటింటికీ పంచింది. వారం తిరక్కుండానే ఆవు నురగలు కక్కుతూ గుంజను కుమ్మి కుమ్మి చచ్చింది. దాన్ని అంతకుముందే పిచ్చికుక్క కరిచిందట. ఆ సంగతి మేపే మనిషి అప్పుడు చెప్పాడు, మహానుభావుడు!

జున్ను తిన్నవాళ్లందరూ విరుదునగరం ఆసుపత్రికి పోయి పొట్టలో సూదిమందు, మా వైపు మాటలో ఊసి, వేయించుకోవాలని ఊళ్లో పెద్దలు అన్నారు. రోజుకొకటి, మొత్తం పద్నాలుగు. పద్దెనిమిదేళ్ల మా చెల్లెలు మొండికేసింది.

“జున్ను ఉడకబెట్టిందే గదన్నా, దానికి ఊసి ఏల?”

“డాక్టరుకంటే నీకు ఎక్కువ తెలుసునా? నోరు మూసుకొని రా” అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

అక్కడ పిన్నమ్మ ఇంట్లో దిగాం. పన్నెండో నాడు చెల్లెలు పాదాలు తిమ్మిరెక్కుతున్నాయని చెబితే, డాక్టరు తలెత్తకుండానే తరువాతి మనిషిని పిలిచాడు. సూదులు అయిపోయిన రెండో రోజున ఆమె మంచం మీంచి లేవలేకపోయింది. నడుము కింద గిల్లినా తెలియలేదు. చేలో పత్తి తీయడానికి దిగితే మా అందరికంటే ముందు సాలు ముగించే పిల్ల!

డాక్టరు మోకాళ్లు తట్టి చూసి, అరవంలో అడిగాడు: పత్యం తప్పావా, తలకు నీళ్లు పోసుకున్నావా? ఎండకు తాళలేక ఒకసారి పోసుకున్నానని ఆ పిచ్చిది నిజం చెప్పింది. ఇంకేం, ఆయన చేతులు దులుపుకున్నాడు. అమ్మ కూతుర్ని తిట్టని రోజు లేదు.

నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది. అవే సూదులు వేయించుకుని నేను రోజూ తలారా స్నానం చేశాను. నా కాళ్లకు ఏమీ కాలేదే! ఆరు నెలలు చూసి, ఒక్కడినే వెళ్లి ఆయన్ను నిలదీశాను.

“ఈ మందు గొర్రె మెదడుతో చేస్తారు. ఎక్కడో ఒకరికి నరాలు చచ్చుబడతాయి, మాకు తెలిసిందే” అన్నాడు, తాపీగా. “ముందే చెబితే నిజంగా కుక్క కరిచినవాళ్లు కూడా రారు. వాళ్లు చావాలా?”

ఆ మందును నేను తిట్టను. కుక్క కరిచిన మా చిన్నాన్న దానితోనే బతికాడు. కానీ ఉడికిన జున్ను తిన్నవాళ్లకు అదెందుకు? “అడిగి ఉంటే అక్కర్లేదనే చెప్పేవాణ్ణి” అన్నాడు. మరి తలస్నానం? “ఏదో ఒక కారణం చెప్పకపోతే మీవాళ్లు ఊరుకోరు కదా!”

ఒక ఆడపిల్ల బతుకుమీద అంత తేలిగ్గా నింద వేసి, ఆరు నెలలు హాయిగా నిద్రపోయాడు. ఇంటికొచ్చి, చెల్లెలి మంచం పక్కన నిలబడి, అమ్మకు వినబడేలా ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. ఆమె తప్పేమీ లేదన్నాను.

అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “నిన్ను పంపించేకి ఏదో చెప్పుంటాడురా. ఇది తలకు పోసుకోకుంటే ఇంత అయ్యుండదు.”

నేను అరవబోయాను. చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది.

“విడున్నా. నేనే గదా పోసుకొంటి.”